మూతగొట్టాల వరస

ఓల్డెర్‌వార్ఫ్ చర్చిలో ఆర్గన్ వాయించే ఫోల్కెర్ట్ మేస్టారికీ, దాని వెనక గదిలో నిలబడి దానికి గాలినిచ్చే తిత్తులు తొక్కే ఆయన భార్య గేషేకీ మాటలు లేవన్న సంగతి ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు. ఏదో పూటా రెండు పూటల అలక కాదది. ఏడేళ్ళు దాటింది. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు, ఆదివారం నాడు ఒకరి వెనక ఒకరు చర్చికి నడుస్తారు. మొగుడికి ఏదైనా చెప్పక తప్పనప్పుడు గేషే పిల్లికి చెబుతుంది. పిల్లి వినదు, మేస్టారు వింటాడు.

"ఏమే పిల్లీ, టీ చల్లారిపోతోందని చెప్పు."

బడి పుస్తకాలు పక్కన పెట్టి ఆయన వచ్చి కూర్చుంటాడు. కప్పులో పటికబెల్లం ముక్క వేసి, పైన టీ పోసి, అంచున మీగడ జారవిడిచి ఇస్తుంది. కలపకుండా తాగుతాడు. మూడో కప్పు అయ్యాక చెంచా తీసి కప్పులో నిలబెడతాడు. ఇక చాలని అర్థం. ఆ ఇంట్లో రోజు మొత్తానికి ఆయన ఇచ్చే జవాబు ఆ చెంచా చప్పుడే.

సారాకొట్టులో మగాళ్ళకి ఇదో వేడుక. "మా ఆవిణ్ణి కూడా తిత్తులు తొక్కడానికి పెట్టించండిరా, కాస్త నోరు మూతపడుతుంది" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం, పోయేదేముంది.

అయితే ఆ ఇద్దరి మధ్యా ఇంకొక్క మాట మిగిలే ఉంది. ఆర్గన్‌కి అటూ ఇటూ లాగుడు పిడులుంటాయి. ఒక్కో పిడి లాగితే ఒక్కో వరస గొట్టాలకి గాలి అందుతుంది. వాటి చివర ఏ గొట్టానికీ సంబంధం లేని పిడి ఒకటుంది. దాన్ని లాగితే వెనక గదిలో గోడకున్న చిన్న గంట మోగుతుంది. వాయించబోతున్నాను, గాలి పట్టు అని తిత్తులు తొక్కేవాళ్ళకి చెప్పడమన్నమాట. గంట మోగగానే గేషే మడమతో తిత్తి తొక్కుడు చెక్క మీద రెండుసార్లు తడుతుంది. తర్వాత బరువంతా వేసి తొక్కుతుంది. తిత్తి పైకి లేస్తుంది, గాలి నిండుతుంది, అవతల పాట మొదలవుతుంది.

ఉన్నావా? ఉన్నాను. అంతకు మించి ఆ గంటలోనూ ఆ తట్టడంలోనూ ఏమీ లేదు. కానీ అదీ పోతే ఇక ఆ కాపురంలో ఏమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

అలాంటి సమయంలో చర్చి పెద్దలు మోటారు పెట్టిద్దామని తీర్మానించారు. కరకట్ట మీదుగా కరెంటు తీగలు ఊళ్ళోకి వచ్చాయి కదా, ఇంకా మనిషి కాళ్ళతో గాలి కొట్టించడమేమిటి, నలుగురూ నవ్వరూ అన్నారు. ఆ కబురు తెలిసిన సాయంత్రం గేషే టీ పోస్తూ పిల్లితో అంది.

"మోటారు వచ్చిన ఆదివారమే నేను లేర్ పట్నంలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. పోతే మళ్ళీ రాను. ఈ ఇంట్లో ఇక నాతో పనేముంది? చెప్పు."

మేస్టారు మూడో కప్పు కూడా తాగేశాడు. చెంచా పెట్టలేదు. పెట్టలేదు గనక ఆమె నాలుగో కప్పు పోసింది, ఐదోదీ పోసింది. ఆయన అన్నీ తాగాడు. ఉండు అన్న ఒక్క మాట మాత్రం ఆ నోట్లోంచి ఊడిపడలేదు. మొండితనమంటే ఆ ఊరి మగాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

పెళ్ళయిన కొత్తల్లో వాళ్ళు ఇలా లేరు. అప్పటి తిత్తులవాడు కట్ట మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, "ఒక్క వారం నువ్వు తొక్కి పెట్టవే" అని ఫోల్కెర్ట్ బతిమాలాడు. ఆ వారం అలాగే సాగిపోయింది. తిత్తులు మూడు. ఒకటి తొక్కి దిగేసరికి ఇంకోటి దిగిపోతుంటుంది. ఎక్కువ వరసలు లాగితే గాలి ఎక్కువ తాగుతుంది, ఆమె ఒక చెక్క మీంచి ఇంకో చెక్క మీదికి పరుగెత్తాలి. ఇంట్లో పోట్లాట అయిన ఆదివారం ఆయన కావాలనే అన్ని వరసలూ లాగేవాడు. ఆమె తక్కువ తిన్నదా? దబ్బున దూకేది. గాలి అదిరి, మంచి రసపట్టులో పాట ఊగిపోయేది. జనం తలలు తిప్పి పైకి చూసేవాళ్ళు. ఇంటికొచ్చాక ఇద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు.

తొక్కుతున్నంతసేపూ గేషే కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ గొంతు గొప్పదేం కాదు, కానీ ఊరుకునేది కాదు. కొడుకు పుడితే ఎన్నో అని పేరు పెట్టుకున్నారు, వాణ్ణి కూడా ఆ గదిలోకే తెచ్చుకుంది. నడక వచ్చాక వాడు మూడో చెక్క మీద కూర్చుని, "నేనూ తొక్కుతున్నా" అని కాళ్ళు ఊపేవాడు. వాడి బరువుకి అది వేలెడు కూడా దిగేది కాదు. వాడి కోసం ఆమె ఒక బాతుల పాట కట్టింది. వాగు దాటిన బాతులు, కట్ట ఎక్కిన బాతులు, ఇంటికొచ్చిన బాతులు. అంతే పాట.

ఎన్నో యుద్ధానికి వెళ్ళాడు. రెండు చలికాలాలు గడిచాయి. ఆ వసంతంలో ఈస్టరు నాడు ప్రార్థన మొదలవబోతుండగా పాస్టరు గారు ఆర్గన్ ఉన్న మిద్దె మెట్లెక్కి వచ్చి మేస్టారి చెవిలో చెప్పారు, కుర్రవాడు పోయాడని. ఆపేద్దామా అని కూడా అడిగారు. మేస్టారు తల అడ్డంగా ఊపాడు. గంట పిడి లాగాడు. ప్రార్థన అంతా అయ్యేదాకా వాయించాడు. అప్పుడు వెనక గదిలోకి వచ్చి, "గేషే, ఎన్నో పోయాడు" అన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదలెట్టక ముందు."

అంతే. ఆ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదు.

కొడుకు చచ్చిపోయాడని మొగుడికి తెలుసు, పాస్టరుకి తెలుసు. తల్లికి తెలియదు. తల్లి వెనక నిలబడి, ఇంట్లో పొయ్యిలో పెట్టి వచ్చిన ఎండుద్రాక్షల రొట్టె మాడిపోతుందేమోనని ఆలోచిస్తూ, పండగపూట హుషారుగా కూనిరాగం తీస్తూ తిత్తులు తొక్కుతోంది. తలుచుకున్నప్పుడల్లా గేషేకి ఒళ్ళు కంపరమెత్తేది. ఆ రోజు తర్వాత ఆమె గొంతులోంచి రాగమన్నది రాలేదు. ఎందుకు అలా చేశావని మొగుణ్ణి అడగనూ లేదు. అడిగితే ఏదో ఒక కారణం చెబుతాడు. వింటే కోపం తగ్గిపోతుందేమోనని భయం. ఎన్నో తాలూకు ఆమె దగ్గర మిగిలింది ఆ కోపమే.

బంగాళాదుంపలు తవ్వడం అయిపోయాక హబ్బో వచ్చాడు. ఎమ్డెన్‌లో ఆర్గన్లు కట్టి బాగుచేసేవాడు, లావాటి మనిషి, నోటికి తాళం లేదు. గంట గోపురం కింద మోటారు బిగించాడు. అక్కణ్ణుంచి చెక్కగొట్టం ఒకటి పైకి, ఆర్గన్ కడుపులో ఉన్న గాలిపెట్టె దాకా వేశాడు. పనిలో పనిగా గొట్టాలన్నీ దించి దులపడం మొదలుపెట్టాడు. ముందు వరసలో ఉండాల్సిన మంచి తగరం గొట్టాల్ని యుద్ధమప్పుడు లోహం కోసం సర్కారువాళ్ళు పీక్కుపోయారు. వాటి చోట పెట్టిన నాసిరకం గొట్టాల్ని చూసి అక్కడే నిలబడి బూతులు తిట్టాడు.

చర్చి ఊడ్చే ట్రీన్‌కే అనే ఆవిడ చీపురు పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఉండేది. వితంతువు, ఊళ్ళో ఏ కబురైనా ఆమె నోట పడ్డాకే మిగతావాళ్ళకి చేరుతుంది. గేషే హబ్బోకి టీ తీసుకొచ్చేది. తను ఇన్నేళ్ళు తొక్కిన తిత్తుల్ని వాడు ఎక్కడ పాడుచేస్తాడో అని ఆమెకి లోపల పీకులాట.

"మేస్టారమ్మా, ఇది ఊదు చూద్దాం" అని హబ్బో ఆమె చేతికి ఒక చిన్న గొట్టం ఇచ్చాడు.

గేషే ఊదింది. గాలే వచ్చింది.

"చూశావా? కింద కాలుంది, పైన ఒళ్ళుంది, మధ్యలో నోరుంది, నోటికి పెదవులున్నాయి. అన్నీ ఉండి పలకదు. ఎందుకంటావు?"

"నన్నడిగితే? కట్టేవాడివి నువ్వు."

"కాలిలోంచి వచ్చిన గాలి ఇదుగో, ఈ సన్నటి సందులోంచి పలచగా రేకులా వచ్చి పై పెదవికి తగలాలి. తగిలితే లోపలున్న గాలి ఊగడం మొదలుపెడుతుంది. అదే స్వరం. తగలకపోతే ఉత్త గాలే." వెలుతురుకి ఎత్తి చూసి, ఈకతో సందులోంచి ఏదో తీశాడు. "ఈగ. ఎన్నేళ్ళ నాటిదో, చచ్చి ఎండిపోయింది."

మళ్ళీ ఊదాడు. గొట్టం కుయ్యిమని పలికింది.

"మా ఆయన గొంతులో కూడా అలాంటి ఈగ ఒకటి పడుంటే బాగుండేది" అంది ట్రీన్‌కే. "బతికినన్నాళ్ళూ అరుస్తూనే ఉన్నాడు."

హబ్బో పగలబడి నవ్వాడు. "ఇక నీ కాళ్ళకి సెలవు, మేస్టారమ్మా. రెండు తిత్తులు తీసేస్తున్నా. ఒకటి అలాగే ఉంచుతా, కరెంటు పోతే పనికొస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందేగా."

"తొక్కడానికి ఇంకెవరినైనా చూసుకోండి. నేను లేర్ పోతున్నాను."

"విన్నావా హబ్బో? మొగుణ్ణి వదిలేసి పోతుందట, ఈ వయసులో!" ట్రీన్‌కే చీపురు గోడకానించింది. "ఆయన మాట్లాడడు నిజమే, కానీ వాయించడంలో వంక పెట్టలేం కదే. ఇన్నేళ్ళలో ఒక్క ఆ ఈస్టరు నాడే గానీ..."

నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏ ఈస్టరు?" అంది గేషే.

"ఏదోలే, నోరు జారాను."

"జారింది కదా. మొత్తం చెప్పు."

ట్రీన్‌కే హబ్బో వైపు చూసింది. వాడు గొట్టంలోకి తల దూర్చేశాడు, నాకేం సంబంధం అన్నట్టు.

"అదేనే, ఆ రోజే. ఈస్టరంటే గోడలు అదరాలి కదా? ఆయన మూతగొట్టాల వరస ఒక్కటే లాగి వాయించాడు, మొదటినుంచీ చివరిదాకా. పిల్లి మూలిగినట్టు. మేమంతా గొంతెత్తి పాడుతుంటే అది ఎవరికి వినపడుతుంది? తలో దారిన పాడాం. సంతలా అయిపోయింది. బయటికొచ్చాక తిట్టుకున్నాం కూడా. తర్వాత సంగతి తెలిసింది. పాపం, కొడుకు పోయినవాడికి చేతులెలా ఆడతాయి అనుకుని ఇక ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. నీ దగ్గర అసలే ఎత్తలేదు."

గేషే టీ కప్పులు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మూతగొట్టాలంటే ఆర్గన్‌లో అన్నిటికంటే మెత్తటివి. చెక్కతో చేసి, పైన మూత బిగించి ఉంటాయి. వాటికి గాలి పెద్దగా అక్కర్లేదు. కప్పులు కడుగుతుంటే గేషేకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ రోజు తిత్తులు నెమ్మదిగా దిగాయి. పరుగెత్తే పనే పడలేదు. పండగపూట కూడా ఇవాళ కాళ్ళు నొప్పెట్టలేదే అనుకుంది, అందుకే పాట మీద పాట పాడుకుంది. గాలిపెట్టె వెనక నిలబడితే ఏ వరస మోగుతోందో చెవికి సరిగా తెలియదు. కాళ్ళకి తెలిసింది. ఆ తర్వాత విన్న మాటలో అదంతా కొట్టుకుపోయింది. ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకున్నది వేరు. ఆయన అన్ని వరసలూ లాగి, కొడుకు చావు కబురు విన్న గంటలో, ఎప్పటిలా పండగ పాటలు మోగించాడని.

అయితే నా కాళ్ళు నొప్పెట్టకూడదని చూశాడన్నమాట, మహానుభావుడు! అనుకుంది. అనుకోగానే మళ్ళీ భగ్గుమంది. కాళ్ళ మీద జాలి చూపించే బదులు నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది? కప్పు ఒకటి చేతిలోంచి జారి పగిలింది. పగిలితే పగిలిందని ముక్కలు ఊడ్చేసింది.

శుక్రవారం హబ్బో శ్రుతులు సరిచేస్తున్నాడు. ఆర్గన్ కడుపులోకి దూరి గొట్టాలు సరిచేసేవాడు ఒకడైతే, బయట బల్ల మీద కూర్చుని హార్మోనియం మెట్ల లాంటి మెట్లు ఒక్కొక్కటే నొక్కి పట్టుకునేవాళ్ళు ఇంకొకరు కావాలి. మేస్టారు బడిలో ఉన్నాడు. హబ్బో గేషేని పిలిచాడు.

"నేను చెప్పింది నొక్కితే చాలు. నీకు చేతకానిదేం కాదు."

ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద గేషే ఎప్పుడూ కూర్చోలేదు. బల్ల మధ్యలో మేస్టారి ఒంటి బరువుకి గుంట పడి ఉంది. అందులో ఆమె కాస్త అటూ ఇటూగా సర్దుకుంది. కింద మోటారు సన్నగా మోగుతోంది. గాలి దానంతటదే వస్తోంది. ఎదురుగా చెక్క తడక, దాని అవతల హబ్బో, వాడి వెనకే ఆమె గది.

"మూత వరస లాగు!" హబ్బో కేకేశాడు. "ఎడం చేతి వైపు, అడుగున."

లాగింది. మెట్టు నొక్కింది. మెత్తటి స్వరం, అన్నం ఉడుకుతున్న కుండలోంచి వచ్చినంత మెల్లగా వచ్చింది. దాంతోపాటు హబ్బో ఈల వేయడం కూడా వినపడింది. ఈలే కాదు, వాడి ఊపిరి, చేతిలో సుత్తి చెక్కకి రాసుకోవడం, గాలిపెట్టె మూల ఎలక కొరికిన కన్నాన్ని చూసి వాడు గొణిగిన తిట్టు, అన్నీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వినపడ్డాయి.

ఆ వరస అయ్యాక, "ఇప్పుడు అన్నీ లాగు, గాలి సరిపోతుందో లేదో చూద్దాం" అన్నాడు. అన్నీ లాగి రెండు చేతులతో నొక్కింది. బల్ల అదిరింది. పళ్ళు జివ్వుమన్నాయి. అలా నొక్కి పట్టుకునే ఉంది. కాసేపటికి హబ్బో ముఖమంతా చెమటతో పక్క తలుపులోంచి బయటికొచ్చాడు.

"చెవుడా ఏమిటమ్మా నీకు? ఆపు ఆపు అని గొంతు చించుకుంటున్నాను!"

"నాకేం వినపడలేదు."

"అదీ నిజమే. ఇవన్నీ మోగుతుంటే వెనక గుర్రాలు పరుగెత్తినా వినపడవు. మూత వరస ఒక్కటే అయితే ఈగ నడిచినా వినపడుతుంది. సరే, ఇక వదిలెయ్."

గేషే వదల్లేదు. వేళ్ళు మెట్ల మీద అలాగే ఉండిపోయాయి. హబ్బో వంగి ఆమె ముఖంలోకి చూసి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. లేదంది, ఉందంది, ఏమందో ఆమెకే తెలియదు. ఆ రోజు ఆ తడక అవతల తను పాడింది. ఇవతల ఈ గుంటలో ఆయన కూర్చున్నాడు. కొడుకు పోయాడని తెలిసి, అంత పెద్ద పండగనాడు, ఊరంతా తిట్టుకుంటున్నా సరే, ఈ వరస ఒక్కటే లాగి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం టీ పోస్తూ పిల్లి వైపు చూసింది. ఇది పిల్లికి చెప్పే మాట కాదు. మేస్టారి వైపు చూసింది. ఆయన తల దించుకుని పటికబెల్లం ముక్క చిట్లడం వింటున్నాడు. అడగాలని నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఏడేళ్ళు వాడకపోతే మాట కూడా తుప్పు పడుతుంది కాబోలు. మర్నాడూ అంతే. పెట్టె సర్దేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక రైలు స్టేషనుకి తీసుకెళ్ళమని బండి తోలే హార్మ్‌కి చెప్పేసింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. మోటారు చూడ్డానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. గేషే మొదటిసారి కింద, ట్రీన్‌కే పక్కన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హబ్బో మోటారు వేశాడు. జనం గుసగుసలు ఆపి పైకి చూశారు.

అప్పుడు గంట మోగింది.

ఖాళీ గదిలో మోగింది. ఇక దానితో పని లేదు, గాలి నిండుగా ఉంది, అయినా మేస్టారి చెయ్యి దానంతటదే పిడి లాగింది. ఎవరో కిసుక్కుమన్నారు. మేస్టారు మొదలుపెట్టలేదు. ఆగాడు. పాస్టరు గారు తల తిప్పి చూశారు, అయినా మొదలుపెట్టలేదు. గేషే మడమ బల్ల కింద రెండుసార్లు లేచి పడింది. చలికి వేసుకున్న ఉన్ని బూట్లు, కింద రాతి నేల. చప్పుడు కాలేదు.

చివరికి ఆయన అన్ని వరసలూ లాగి వాయించాడు. గాలిలో ఒక్క అదురు లేదు. "ఏం గాలే తల్లీ, గోడ కట్టినట్టుంది!" అని ట్రీన్‌కే ఆమె డొక్కలో పొడిచింది. గేషేకి ఏడుపొచ్చింది. వెనక మనిషి లేనివాడు వాయించినట్టుంది ఆమెకి.

జనం బయటికి వెళ్ళిపోయాక, గేటు దగ్గర హార్మ్ బండి మీద పెట్టె ఉండగానే, గేషే మెట్లెక్కి పైకి వెళ్ళింది. మేస్టారు ఇంకా బల్ల మీదే ఉన్నాడు. మోటారు తిరుగుతూనే ఉంది.

"ఆ ఈస్టరు నాడు మూత వరస ఎందుకు లాగావు?"

మేస్టారు అటూ ఇటూ చూశాడు. పిల్లి ఎక్కడుందా అని.

"నిన్నే అడుగుతున్నాను, ఫోల్కెర్ట్."

ఆయన బల్ల మీంచి ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు పాడుతున్నావు" అన్నాడు.

గేషే ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"పాస్టరు గారు చెప్పి కిందికి దిగిపోయారు. నీకు చెబుదామనే ఆ గది దాకా వచ్చాను. గంట కోసం చూస్తూ లోపల పాడుకుంటున్నావు. బాతుల పాట. చెయ్యి తలుపు మీదే ఉంది. తొయ్యలేకపోయాను. చెబితే ఇక ఎప్పటికీ పాడవు. అది నాకు తెలుసు, గేషే. ఆ ఒక్క గంటసేపైనా విందామనుకున్నాను. మిగతావి లాగితే నువ్వు వినపడవు."

"ఆ గంట నాది." అంది గేషే. "నా కొడుకు కోసం నేను ఏడవాల్సిన గంట అది. దాన్ని నువ్వు దాచుకున్నావు."

"అవును."

"దొంగవి నువ్వు."

"అవును" అన్నాడు మళ్ళీ. చెయ్యి పైకెత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, మెట్ల మీదే పెట్టుకున్నాడు. నొక్కలేదు.

గేషేకి ఏడుపు పొంగుకొచ్చింది. ఆపుకోలేదు. బల్ల అంచు పట్టుకుని, ఏడేళ్ళ కింద ఆ గదిలో ఏడవాల్సిన ఏడుపంతా అక్కడే ఏడ్చింది. ఆయన మీద కోపం పోలేదు. పోతుందని ఆమె భయపడింది గానీ పోలేదు. ఉన్నచోటే ఉంది. దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆ గంటసేపూ ఆ గుంటలో, కొడుకు చావుని ఒక్కడే మోస్తూ, పెళ్ళాం కూనిరాగం వింటూ కూర్చున్న ఈ మొండి మనిషి.

"అమ్మా! రైలు తప్పిపోతుంది!" కింద నుంచి హార్మ్ కేక.

గేషే చేతి వెనకతో ముఖం తుడుచుకుంది. "ఆ మోటారు ఆపు" అంది.

మేస్టారు బల్ల పక్కనున్న మోటారు మీట తిప్పాడు. కింద మోత ఆగిపోయింది. గాలిపెట్టెలో మిగిలిన గాలి మెల్లగా కారిపోయింది. ఆమె పక్క తలుపు తోసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. రెండు తిత్తులున్న చోట ఖాళీగా ఉంది. హబ్బో వదిలిపెట్టింది మూడోది, ఎన్నో కూర్చునేది. దాని ముందు నిలబడింది.

గంట మోగింది.

బూట్లు విప్పేసి, ఉత్త మడమతో చెక్క మీద రెండుసార్లు తట్టింది. అప్పుడు ఎక్కి తొక్కింది. తిత్తి కిర్రుమంటూ లేచింది. అవతల పిడి లాగిన చప్పుడైంది, ఒక్కటే. మూతగొట్టాలు మెత్తగా బాతుల పాట ఎత్తుకున్నాయి. వాగు దాటాయి, కట్ట ఎక్కాయి.

ఆయన వింటున్నాడని ఆమెకి తెలుసు. తిత్తి నెమ్మదిగా దిగుతోంది, కాళ్ళకి శ్రమే లేదు. ఆయన కోసం కాకపోయినా వాడి కోసమైనా పాడాలనిపించింది. ఒక్క ముక్క, బాతులు ఇంటికొచ్చే ముక్క. హార్మ్ ఇంకోసారి పిలిచాడు, మరోసారి పిలిచాడు, పెట్టె దించేసిన చప్పుడైంది, బండి వెళ్ళిపోయింది. గేషే ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

గాలే వచ్చింది.

మళ్ళీ తెరిచింది. మళ్ళీ గాలే. అవతల పాట చివరికొచ్చి ఆగింది. ఆయన వేళ్ళు ఎత్తి, ఊపిరి బిగబట్టి వింటున్నాడని తడక ఇవతలికి కూడా తెలుస్తోంది. ఆమె మరోసారి చెక్క మీద బరువు వేసి తిత్తి నింపింది. మేస్టారు ఆ పాటనే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.